శంఖానికి చందా

క్యాన్‌బెర్రాలో తెల్లవారుజాము మూడు.
కారు అద్దం మీద మంచు గీకిన కార్డుతోనే
ఆఫీసు తలుపు తెరుస్తాను.
లోపల హీటర్ వాసన, నిన్నటి నూడుల్స్ వాసన,
హెడ్‌ఫోన్లలో ఇంకెవరివో చెవుల వెచ్చదనం.

గోడలకు చెవులుంటాయని
మా అమ్మమ్మ గొంతు తగ్గించి మాట్లాడేది.
ఇక్కడ చెవులకే గోడలు కట్టారు, అమ్మమ్మా.
టెండరు పిలిచారు, మూడేళ్ల ఒప్పందం రాసుకున్నారు,
ఏటా జులైలో రేటు పెంచాలని షరతు.
ఆ చెవుల్లో ఎడమది నేను.
కుడిది తెవిత, టోంగా మనిషి,
క్రికెట్ స్కోరుని కూడా తటస్థం అని గుర్తుపెట్టేంత
నిద్రలో ఉంటాడు.

శాఖ పేరు ఎక్కడ వినబడినా పట్టుకోవాలి,
పేపర్లో, టీవీలో, గొర్రెల ధరలు చదివే పల్లె రేడియోలో.
పట్టుకున్నదాన్ని కత్తిరించి, తూకం వేసి,
మంచి గంపలోనో చెడు గంపలోనో పడేసి
ఆరింటికల్లా మంత్రిగారి ఫోన్లోకి పంపాలి.
ఆయన పళ్లు తోముకుంటూ చూస్తారు.
నాకెవరూ చెప్పలేదు, నేనే అలా అనుకుంటాను.

బొంబాలా నుంచి నోరీన్ని
మొదటిసారి ఏప్రిల్లో విన్నాను.
"మా ఆయన పోయాడని వాళ్ల కంప్యూటర్లో రాసుకున్నారు,
పెన్షన్ ఆపేశారు.
ఆయన ఇక్కడే ఉన్నాడు. ఇదిగో, దగ్గుతున్నాడు, వినండి."
నిజంగానే వెనకాల దగ్గు.
"శాఖకి ఫోన్ చేశారా అమ్మా?"
"రెండు గంటలు సంగీతం వినిపించారు.
మీరైతే ఎత్తుతారని మీకు చేశాను."
నవ్వాలో వద్దో తెలియక
యాంకర్ వాతావరణంలోకి జారుకున్నాడు.

నలభై ఏడు సెకన్లు.
శ్రోతలు రెండువేల ఆరువందలు.
ధోరణి: చెడు.
దగ్గుకి గడి లేదు.

ఆమె ఫోన్ ఎత్తని ఆఫీసే
ఆమె మాటని మా దగ్గర కొనుక్కుంది.

చెవిటివాడి ముందు శంఖం అంటారు మనవాళ్లు.
ఈ చెవిటివాడు ఆ బాపతు కాదు.
శంఖానికి చందా కట్టాడు.
ఎవరు ఊదారు, ఎంతసేపు ఊదారు,
ఊపిరి ఎక్కడ తెగింది,
అన్నీ పట్టిక వేయించి తెప్పించుకుంటాడు.
వినడం మాత్రం ఒప్పందంలో లేదు.

మే నెలలో సెనేట్ కమిటీలో ఒకావిడ అడిగింది,
ఈ వినికిడికి ఎంతవుతోందని.
అధికారి కాగితాలు తిప్పాడు, నీళ్లు తాగాడు.
"పదమూడు లక్షల డాలర్లు, పైన చిల్లర."
"చిల్లర ఎంత?"
"కనుక్కుని చెబుతాను."
ఆ కాసేపట్లో శాఖ పేరు పదకొండుసార్లు వచ్చింది.
రూలు రూలే. పదకొండు ముక్కలూ కోసి,
ఖర్చు మీద వచ్చిన వార్తకి మళ్లీ ఖర్చు రాశాం.
తెవిత పూర్తిగా మేలుకున్నది ఆ రాత్రే,
బల్ల మీద తలపెట్టి నవ్వాడు.
నాకు ఓవర్‌టైమ్ వచ్చింది.
బూట్లు కొనుక్కున్నాను.
ఇది చెప్పకపోతే తక్కినదంతా అబద్ధమవుతుంది.

నోరీన్ ప్రతి మంగళవారం వచ్చేది.
గొర్రెల ధరల తర్వాత, పోయిన కుక్కల ప్రకటన ముందు.
సారాంశం పాతిక మాటలు దాటకూడదు.
ఒకసారి అందులో ఇలా రాశాను:
మనిషి బతికే ఉన్నాడు, దయచేసి ఆమెకు ఫోన్ చేయండి.
సూపర్‌వైజర్ గ్లెనిస్ చెరిపేసింది, కోప్పడకుండానే.
"మనం అమ్మేది సలహా కాదు" అని
నా కప్పులో కూడా వేడినీళ్లు పోసింది.

ఆగస్టులో మూడు మంగళవారాలు
గొర్రెల ధరల తర్వాత నేరుగా కుక్కలు.
నోరీన్ లేదు.
నెలాఖరు నివేదికలో
చెడు ప్రస్తావనలు పద్నాలుగు శాతం తగ్గాయి,
పక్కన ఆకుపచ్చ బాణం.
మంత్రిగారి ఆఫీసు నుంచి, నేను చేరాక మొదటిసారి,
ఒక్క మాట జవాబు: "బాగుంది."

పెన్షన్ వచ్చిందో,
ఆమె విసిగిపోయిందో,
ఆ కంప్యూటర్లో రాసిందే చివరికి నిజమైందో.

ఏప్రిల్ రికార్డు మళ్లీ తీశాను.
మేం బిల్లు వేసిన నలభై ఏడో సెకను దాటాక,
వాతావరణం మొదలయ్యే లోపు,
ఇంకో దగ్గు ఉంది, చిన్నది.
దాన్ని ఎవరూ కొనలేదు.